డిక్కీలోంచి చూసిన స్కాట్లాండ్

నేను ఒక అట్ల పెనాన్ని. ఈ సంగతి మొదటే చెప్పి తీరాలి. ఎందుకంటే ఈమధ్య నన్ను సామాను అన్నారు, పాత ఇనుము అన్నారు, ఒకాయనైతే ఏకంగా "ఆ నల్లది" అన్నాడు. ఆ ఒకాయన పేరు ఫణిభూషణ్. ఆయన మీద నాకు ఒళ్ళు మంటగా ఉంది. కాస్త చల్లారాక చెప్పవచ్చు కదా అని మీరు అనవచ్చు. చల్లారిన పెనం మీద అట్టు రాదు. వేడిగా ఉండగానే చెబుతాను.

నేను సామర్లకోట దగ్గర ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. ఇసుక అచ్చులో కరిగిన ఇనుము పోసి, గట్టిపడ్డాక అచ్చు పగలగొట్టి నన్ను బయటికి తీశారు. పుట్టినప్పుడు నేను నల్లగా లేను. బూడిద రంగులో, గరుగ్గా, దేనికీ పనికిరాకుండా ఉన్నాను. నన్ను పెనం చేసింది కాకినాడలో టిఫిన్ బండి నడిపే వెంకాయమ్మ. ఆవిడ నన్ను గంజిలో నానబెట్టింది, కల్లుప్పుతో రుద్దింది, నూనె రాసి కాల్చింది. సగానికి కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి నా ఒళ్ళంతా తిప్పింది. అయినా మొదట్లో వేసిన అట్లన్నీ పీలికలయ్యాయి. ఆవిడ నన్నూ, నన్ను పోసినవాడినీ, వాడి ఏడు తరాలనూ తిట్టింది. ఆ నూనే ఆ తిట్లూ పట్టి పట్టి కొన్నాళ్ళకు నాకు నల్లటి నునుపు వచ్చింది. వేలు పెడితే జారిపోయేది. దాన్ని మురికి అనుకునే మనుషులుంటారని అప్పటికి నాకు తెలియదు.

వెంకాయమ్మకు మోకాళ్ళు పట్టేసి బండి మానేసినప్పుడు మేనకోడలు హైమను పిలిచింది. హైమకు అప్పుడే పెళ్ళయింది. భర్త ఫణిభూషణ్‌కు ఎడింబరోలో కంప్యూటర్ ఉద్యోగం.

"కొత్త పెనం కొనుక్కుంటే అట్టు అంటుకుపోయి ఏడుస్తావే. దీన్ని పట్టుకుపో. మరొకళ్ళ చేతికి మాత్రం ఇవ్వకు," అంది వెంకాయమ్మ.

విమానాశ్రయంలో పెట్టె బరువెక్కువైంది. పెనం తీసేయమన్నాడు ఫణి. హైమ పెట్టె తెరిచి రెండు పట్టుచీరలు తీసి, సాగనంపడానికి వచ్చిన వాళ్ళ చేతిలో పెట్టింది. నా మీద చెయ్యి కూడా వేయలేదు. ఆ రోజే ఆ పిల్ల నాకు నచ్చింది.

ఎడింబరోలో వాళ్ళది కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు. పొయ్యి చూసి నేను బిత్తరపోయాను. మంట లేదు, సెగ లేదు, నల్లటి గాజు పలక. బయట ఎప్పుడు చూసినా ముసురు. పిండి పులవదు. హైమ పిండి గిన్నెకు ఫణి ఉన్ని మఫ్లరు చుట్టి, వేడినీళ్ళ గొట్టం పక్కన పెట్టేది. పిండి పొంగిన రోజున ఆయన మఫ్లరు పుల్లటి వాసనతో ఆఫీసుకు వెళ్ళేది. అది మొదట్లో ఆయనకు ముద్దుగానే ఉంది. వేలు కాలుతున్నా ఆగకుండా అట్టు తుంచుకుని, "అచ్చం మీ అత్త బండి దగ్గర తిన్నట్టే ఉంది హైమా," అనేవాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. ఇంత తిన్నవాడు నన్నేం చేశాడో తరువాత చెబుతాను.

కింది అంతస్తులో ఐలీన్ అని ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. హైమ ఆవిణ్ణి "ఐలీన్ గారు" అనేది. ఆ 'గారు' కూడా తన పేరులో ముక్కేననుకుని ఆవిడ చక్కగా పలికేది. ఒకరోజు పైకి వచ్చి అట్టు తిని, నన్ను చేత్తో నిమిరి, ఇలాంటిది ఎక్కడ దొరుకుతుందని అడిగింది. మెట్ల కింద ఉన్న సామాన్ల గదికి ఈ రెండిళ్ళవాళ్ళ దగ్గరే తాళంచెవులుండేవి. ఇది కూడా గుర్తు పెట్టుకోండి.

ఒక శనివారం హైమ కందిపొడి కొట్టుకోవాలని నా మీద ఎండుమిరపకాయలు వేయించింది. బయట గాలివాన, కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఘాటు ఇల్లంతా నిండింది. దగ్గుతూ తుమ్ముతూ హైమ మన ఊళ్ళో ఎవరైనా చేసే పనే చేసింది. ఘాటు పోవడానికి వీధి తలుపు బార్లా తెరిచింది. అక్కడ వీధి ఎక్కడుంది? తలుపు అవతల ఉన్నది అందరూ నడిచే వరండా. పైన గుండ్రంగా ఒక అలారం. అది ఆ ఘాటు పీల్చి గావుకేక పెట్టింది.

భవనం మొత్తం వానలోకి దిగింది. ఫైరింజను వచ్చింది. పొయ్యి మీద నేనూ, నా మీద మాడిపోయిన మిరపకాయలూ తప్ప లోపల ఇంకేమీ లేదు. ఒక ఫైర్‌మాన్ నన్ను ఎత్తి చూసి, బరువుకు ఆశ్చర్యపోయి, మళ్ళీ జాగ్రత్తగా పెట్టాడు. కింద హైమ నూలు చీరలో, వట్టికాళ్ళతో వణుకుతూ నిలబడింది. ఐలీన్ దగ్గుతూనే తన కోటు విప్పి హైమకు కప్పిందట. మరి మొగుడుగారేం చేశాడు? ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చేతులు నలుపుకుంటూ, మా ఆవిడ ఈ దేశానికి కొత్త, ఆ నల్లదాని వల్లే వచ్చింది ఇదంతా అని క్షమాపణలు చెప్పుకున్నాడట. అందరికీ చెప్పాడు. హైమ చెప్పులు తేవాలని మాత్రం తోచలేదు.

ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది, నిజమే. కొత్తచోట మంచి పేరు తెచ్చుకోవాలని ఆయన పడే తాపత్రయం నాకూ తెలుసు. కానీ ఆ తాపత్రయం నా మీద తీర్చుకున్నాడు. హైమ తలనొప్పితో పడుకుంటే, ఆయన నన్ను సింకులో పడేసి, సబ్బు పోసి, స్టీలు పీచుతో రుద్దాడు. వెంకాయమ్మ ఏళ్ళతరబడి పట్టించిన నునుపంతా నల్లటి నీళ్ళయి తూములోకి పోయింది. "ఎంత మురికిరా బాబూ," అనుకుంటూ, ఏదో సేవ చేస్తున్నవాడిలా చెమటోడ్చి రుద్దాడు. ఆ చేతులు పడిపోను! అంతటితో ఆగకుండా తడి కూడా తుడవకుండా నన్నొక ప్లాస్టిక్ సంచీలో చుట్టి, కారు డిక్కీలో వేశాడు. పాత సామాను తీసుకునే కొట్లో ఇచ్చేయాలని ఆయన ఉద్దేశం. అదీ చేయలేదు. పారేయడానికి కూడా కాస్త ధైర్యం కావాలి.

మర్నాడు హైమ అడిగిందట. కింద సామాన్ల గదిలో పెట్టానన్నాడట. ఆమె వెళ్ళి వెతికిందట, నేను లేను.

ఆ తరువాత కారులో వెళ్తూ మళ్ళీ అడిగింది. డిక్కీలో ఉన్న నేను ప్రతి మాటా విన్నాను. "ఆ గది తాళం మనకీ ఐలీన్ గారికీ తప్ప ఎవరికీ లేదు కదండీ. మరి పెనం ఏమైందండీ?"

"ఏమో మరి," అన్నాడు.

ఆ ముక్క అని కారు గేరు మార్చాడు. ఆమెకు నేను వెనకాలే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాను. నాకు నోరుంటే అద్దాలు పగిలేలా అరిచి ఉండేదాన్ని. ఆ రోజు నుంచి హైమ ఐలీన్‌తో మాట్లాడటం మానేసింది. ఆ దేశంలో ఆమెకున్న ఒక్క స్నేహం అలా పోయింది.

హైమ దిగులుగా ఉందని ఆయన సెలవు దొరికితే చాలు ఊళ్ళు తిప్పడం మొదలుపెట్టాడు. అలా నేను కూడా స్కాట్లాండ్ అంతా తిరిగాను. ఏం చూశానంటారా? స్టెప్నీ టైరు చూశాను. వానకు తడిసిన గొడుగులు నా మీద కారుతుంటే ఒళ్ళంతా ఎర్రగా తుప్పు పట్టడం చూశాను. మిగతాదంతా వాళ్ళ మాటల్లో విన్నదే. కోటకు వెళ్ళారు. అక్కడొక పెద్ద ఫిరంగి ఉందట. దానికి చెయ్యి ఆనించి ఫోటో దిగి, "ఎన్ని వందల ఏళ్ళ ఇనుమో చూడు, ఎంత బాగా కాపాడారో!" అని మురిసిపోయాడు. అదీ నల్లదే, నేనూ నల్లదాన్నే. అది మనుషుల్ని చంపింది, నేను మనుషులకు అట్లు పోశాను. దానికి కాపలా పెట్టారు, నన్ను సంచీలో కట్టారు. ఆ తరువాత సముద్రం మీద కట్టిన ఎర్రటి ఉక్కు రైలు వంతెన చూసి కూడా నోరు వెళ్ళబెట్టాడు. ఈ మనిషికి ఇనుమంటే ఎంత ప్రేమో!

ఇంకోసారి ఏదో పెద్ద సరస్సుకు వెళ్ళారు. దానిలో ఒక వింత జంతువుందని చెబుతారట. లేదని అందరికీ తెలిసినా గట్టున నిలబడి గంటలకొద్దీ చూస్తారట. లేనిదాని కోసం అంత వెతుకుతారు! హైమ చలికి ముడుచుకుని కారులో కూర్చుని చల్లటి శాండ్‌విచ్ తినేది. ఆయన కొన్న కొత్త నాన్‌స్టిక్ పెనం మీద ఆమె రెండుసార్లు అట్లు పోసి, తెల్లగా పాలిపోయి వస్తే విసుగొచ్చి మానేసింది. ఇప్పుడు పప్పు నానబెట్టడమే లేదు. "బాగుందా?" అని ఆయన కొండలు చూపిస్తే, "బాగుందండీ," అనేది. ఆ గొంతులో మాత్రం బాగున్నదేమీ లేదు.

చివరికి ఒక దీవికి పోతుంటే, ఇరుకైన కొండదారిలో టైరు పంక్చరైంది. చుట్టూ గొర్రెలు తప్ప ఎవరూ లేరు. వాన పడుతోంది. ఫణి హడావుడిగా డిక్కీ తెరిచి, జాకీ కోసం సామానంతా తీసి రోడ్డు పక్కన పెట్టాడు. ఆ కంగారులో నన్ను కూడా. సంచీ చిరిగి నా పిడి బయటికి వచ్చింది. గొడుగు పట్టుకుని పక్కన నిలబడిన హైమ వంగి చూసింది.

"ఏవండీ, ఇదేంటండీ?"

"అదా... ఏదో పాత సామానులే."

హైమ సంచీ చింపేసింది. నన్ను రెండు చేతులతో ఎత్తింది. అరచేతులకు తుప్పు అంటుకుంది.

"నా పెనమండీ ఇది."

ఫణి జాకీ కింద పెట్టాడు. "పారెయ్యలేదు కదా హైమా, చూడు, భద్రంగానే ఉంచాను. మళ్ళీ ఫైరింజను వస్తే మన పరువేం కావాలి చెప్పు?"

"పరువు మీకూ, దొంగతనం ఐలీన్ గారికీనా అండీ?"

"నేను ఆవిడ పేరెత్తలేదే!"

"ఏమో మరి అన్నారండీ. నా పక్కనే కూర్చుని ఏమో మరి అన్నారు. నేనావిణ్ణి దొంగనుకున్నానండీ. ఆవిడ మన తలుపు కొడితే లోపలుండి కూడా తియ్యలేదు. ఆ రోజు వానలో నాకు కోటు కప్పింది ఆవిడొక్కతేనండీ. మీరు నా చెప్పులు కూడా తేలేదు!"

అంత కోపంలోనూ ఆ పిల్ల 'అండీ' మానలేదు. ప్రతి 'అండీ' ఆయనకు చెంపదెబ్బలా తగిలింది. నాకు హాయిగా ఉంది, దాచుకోవడం దేనికి? ఆయన టైరు పక్కన కూలబడి బోల్టు తిప్పబోయాడు. అది కదల్లేదు. అది కూడా ఇనుమే. మా జాతి అది.

ఫోను చేస్తే మెకానిక్ వచ్చి టైరు మార్చాక, దీవి చూడకుండానే వెనక్కి తిరిగారు. ఆ దారంతా నేను ముందు సీట్లో హైమ ఒళ్ళో కూర్చున్నాను. కొండలూ, నీళ్ళూ, వాటి మీద మబ్బులూ అప్పుడు చూశాను. బాగానే ఉంది ఆ దేశం. అందులో దానిదేమీ తప్పు లేదు.

ఇంటికి వచ్చాక హైమ నన్ను ఫణి ముందు పెట్టి, కల్లుప్పు పెట్టింది. "రుద్దండి," అంది. ఆయన రుద్దాడు. వేళ్ళు ఎర్రబడేదాకా, తుప్పంతా ఊడేదాకా రుద్దాడు. తరువాత గంజి, నూనె, సెగ, మళ్ళీ నూనె. పప్పు నానింది, పిండి పులిసింది. మఫ్లరు ఆయనే స్వయంగా తెచ్చి గిన్నెకు చుట్టాడు. నేను మెత్తబడలేదు.

పిండి పొంగిన రోజు హైమ వంటింటి కిటికీ తెరిచింది. వీధి తలుపు గట్టిగా వేసి ఉందో లేదో చూసుకుంది. సగం ఉల్లిపాయతో నన్ను తుడిచి, మొదటి అట్టు పోసింది. పళ్ళెంలో పెట్టి ఫణి చేతికిచ్చింది. ఆయన తుంచబోయాడు.

"మీక్కాదండీ. ఐలీన్ గారికి. పెనం ఎవరు దాచారో, ఎవరు ఏమో మరి అన్నారో చెప్పి ఇచ్చి రండి."

"నువ్వూ రా హైమా."

"మీరు చెప్పాక నేను అడుక్కుంటానండీ నా క్షమాపణ. వెళ్ళేటప్పుడు తలుపు వేసెళ్ళండి."

ఆయన వెళ్ళాడు. చాలాసేపు మెట్లు దిగిన చప్పుడు వినిపించలేదు. తరువాత వినిపించింది. కింద తలుపు కొట్టడం, ఏవో మాటలు. హైమ పొయ్యి దగ్గర అట్లకాడ పట్టుకుని నిలబడే ఉంది.

పైకి రెండు జతల అడుగులు వచ్చాయి. ముందు ఐలీన్. ఆవిడ చేతిలో పళ్ళెం ఖాళీగా ఉంది. హైమను చూసి తన భాషలో, "ఒక్క మాట నన్ను అడిగి ఉండొచ్చు కదా పిల్లా," అంది. హైమ ఏడ్చింది. ఐలీన్ ఆమెను దగ్గరికి తీసుకుంది. ఫణి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ముఖం కందగడ్డలా ఉంది.

ఆ తరువాత ఐలీన్‌కు పోసిన అట్టు అట్లకాడ తగలగానే చుట్టూ అంచు లేచి, ఎర్రగా నా మీంచి జారింది. హైమకూ అలాగే ఇచ్చాను. చివర్లో హైమ ఆయన కోసం ఒక గరిటెడు పిండి పోసింది. ఆ అట్టును నేను పట్టుకున్నాను. హైమ కాడతో ఎంత గీకినా వదల్లేదు. అది పీలికలై, ముద్దలై, అంచులు మాడి వచ్చింది. హైమ నా వంక చూసింది. ఆమెకు అర్థమైందనే అనుకుంటాను. ఇంకో అట్టు పోయకుండా, ఆ పీలికలే పళ్ళెంలో వేసి ఆయన ముందు పెట్టింది.

ఆయన ఒక్క పీలిక కూడా మిగల్చకుండా తిన్నాడు.