చివరి ఫారం నుంచి

"రాణీగారూ, జిగురు కాగిందా?" అన్నారు మావారు ముందుగదిలోంచి.

గిన్నెలో పిండి ఉడుకుతోంది. అడుగంటకుండా కలుపుతూ, "ఆఁ, అయిపోవచ్చిందండీ" అన్నాను. నన్ను రాణీగారూ అని పిలవడం ఆయనకి సరదా. ముద్దుకి కాదు. పెళ్ళయిన కొత్తలో నేను కుట్టాల్సిన పుస్తకంలోకి తల దూర్చి కూర్చోవడం చూసి మా అత్తగారు, "రాణుల కథలు చదివితే రాణివైపోతావా? సూది కదలనీ" అంది. అప్పటినుంచి ఆ పేరు ఉండిపోయింది. మాది పుస్తకాలకి బైండింగు చేసే ఇల్లు. బోర్డు మీద మావారి పేరుంటుంది. అట్టలు కోసేదీ, బట్ట అంటించేదీ, వెన్ను మీద బంగారు అక్షరాలు వేసేదీ ఆయన. వెనకగదిలో పుస్తకం కుట్టేది నేను. "కూర్చుని చేసే పనేగా" అంటారు. వంట నిలబడి చేస్తాను కాబట్టి రెండూ చెల్లుకి చెల్లు అనుకుంటారు కాబోలు.

ఊళ్ళో పాత క్లబ్బు లైబ్రరీ ఉంది. వాళ్ళకి బ్రిటిష్ రాజులవీ రాణులవీ జీవితచరిత్రలంటే మోజు. బీరువాల నిండా వాటి తెలుగు అనువాదాలే. చేతులు మారి మారి వదులైపోయినవాటిని మా దగ్గరికి పంపుతారు. బడి మధ్యలో మానేసిన నాకు చదువు వాటితోనే వచ్చింది, అదీ తిరగేసి. కుట్టేటప్పుడు పుస్తకాన్ని ఫారాలుగా, అంటే ఒకదాంట్లో ఒకటి మడిచిన కాగితాల కట్టలుగా విడదీసి, చివరి ఫారాన్ని అన్నిటికంటే కింద పెట్టి, దానికి ముందుదాన్ని దాని మీద పెట్టుకుంటూ పైకి కుట్టుకొస్తాం. సూది దూర్చడానికి ఒక్కో ఫారాన్నీ సరిగ్గా మధ్యకి తెరవాలి. అలా తెరుచుకున్న పేజీలే మొదట్లో నా చదువు. అందుకని నాకు ప్రతి రాజూ ముందు చచ్చిపోతాడు, తర్వాత ముసలివాడవుతాడు, ఆ తర్వాత పెళ్ళి చేసుకుంటాడు, ఆఖరికి పుడతాడు. మొగుడు పోయాక నలభై ఏళ్ళు నల్లబట్టలు కట్టిన రాణి నా చేతుల్లోకి నల్లబట్టలతోనే వచ్చింది. ఆ మొగుడితో కలిసి నవ్విన రోజులు ఆ తర్వాతెప్పుడో వచ్చాయి. ఎవరు ఎవరికి దూరమవుతారో ముందే తెలిశాక, వాళ్ళు కలిసి ఉన్న పేజీలు చదవడం ఎంత భయమో చెప్పలేను. ఆ భయం పుస్తకాల్లోనే ఆగిపోయినా బాగుండేది. ఇంటికొచ్చినవాళ్ళు గుమ్మంలో చెప్పులు విప్పుతుంటేనే, వీళ్ళు వెళ్ళేటప్పుడు ఎలా అని నాకు దిగులు పట్టుకుంటుంది.

పొద్దున అమ్మాయి ఫోన్ చేసింది. అది మొగుణ్ణి వదిలేసి, పక్క ఊళ్ళో ఒక్కతే ఉండి ఉద్యోగం చేసుకుంటోంది. వదిలేసిన రోజు ముందు ఇక్కడికే వచ్చింది. "ఆ గుమ్మం దిగొచ్చినదానికి ఈ గుమ్మం లేదు" అన్నారు మావారు. నా చేతులు మోచేతుల దాకా జిగురు. కడుక్కుని వచ్చేసరికి అది వీధి మలుపు తిరిగిపోయింది. మళ్ళీ దాన్ని చూడలేదు. గొంతు వినడమే, అదీ ఆయన ఇంట్లో లేనప్పుడు.

"రేపు పొద్దున్నే ఆపరేషనమ్మా. గర్భసంచి తీసేస్తారట. పక్కన ఒక మనిషి ఉండాలంటున్నారు. పక్కింటావిడ వస్తానంది. నువ్వు రావాలని కాదు, చెప్పాలి కదా అని."

"నాన్నగారిని అడుగుతాను తల్లీ."

"అడుగు" అంది. కోప్పడి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

జిగురు పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళేసరికి క్లబ్బు లైబ్రేరియన్ కూర్చుని ఉన్నాడు. పోయినసారి కుట్టిన పుస్తకాన్ని అటూ ఇటూ వంచి చూపిస్తూ, "అట్టదేముంది సార్, మీ కుట్టు చూడండి, ఇనుము! ఎన్నేళ్ళైనా కదలదు" అన్నాడు.

"చేతి చలవండీ, చేతి చలవ" అన్నారు మావారు, చేతులు రెండూ ముందుకు చాపి. లైబ్రేరియన్ ఆ చేతుల్నే చూశాడు. నేను గిన్నె కింద పెట్టాను.

అతను వెళ్ళాక అడిగాను. ఆయన అట్ట కోయడం ఆపలేదు.

"ఎల్లుండికి క్లబ్బు పుస్తకాల సెట్టు ఇస్తానని ఇప్పుడేగా అతనికి మాటిచ్చాను. విన్నావుగా."

"వచ్చాక కుడతానండీ. దానికి ఒంట్లో..."

"మొగుణ్ణి వదిలేసేంత గుండె ఉంది కదా, డాక్టరు కత్తికి భయమా? ముందు రాజుగారి పని చూడు. కూతురి సంగతి తర్వాత."

వచ్చి కూర్చున్నాను. ఇవాళ్టిది ఆరుగురిని చేసుకున్న రాజుగారి మొదటి భార్య కథ. పరాయి దేశం నుంచి కోడలిగా వచ్చిన మనిషి. పొద్దున చివరి ఫారంలో ఆవిడ ఒక చలి కోటలో చచ్చిపోయింది, కూతురు దగ్గర లేదు. దాని ముందు ఫారం తెరిచాను. నువ్వు నా భార్యవే కాదని ఒప్పుకో అంటాడు రాజు. ఒప్పుకోదు. అందుకని తల్లినీ కూతుర్నీ విడదీశాడు. అదే ఫారంలో, ఆ తర్వాత కూతురికి జబ్బు చేసింది. నా దగ్గరికి పంపండి, నా చేతులతో నేనే చూసుకుంటాను, నా పక్కలోనే పడుకోబెట్టుకుంటాను అని రాణి బతిమాలుకుంది. రాజు ఒప్పుకోలేదు. సూది వేలికి దిగింది. కాగితానికి రక్తం అంటకుండా వేలు నోట్లో పెట్టుకున్నాను. రేపు దానికి ఎంత రక్తం పోతుందో. మత్తు దిగేటప్పుడు ఎవర్ని పిలుస్తుందో. చిన్నప్పుడు జ్వరమొస్తే నా కొంగు పిడికిట్లో పట్టుకుని పడుకునేది, పక్కింటావిడకి అది తెలియదు కదా. మంచినీళ్ళు ఎప్పుడు ఇవ్వొచ్చో అడిగి ఇస్తుందా, తొందరపడి ఇచ్చేస్తుందా? సాయంత్రం బస్సు పోతే మళ్ళీ రేపు మధ్యాహ్నమే. నేను కుడుతున్నాను, కుడుతూనే ఉన్నాను, ఈ ఫారం అయ్యాక లేస్తాను, ఇదయ్యాక లేస్తాను అనుకుంటూ. ఇంకా రెండు మూడు ఫారాలైతే ఆ తల్లీకూతుళ్ళు కలిసి ఉన్న రోజులొస్తాయి. ఆ పేజీలు తెరవడానికి నాకు చెయ్యి రాలేదు.

దారానికి ముడి వేశాను. తెంపాను. చేతులు కడుక్కున్నాను, ఈసారి ముందే. రెండు చీరలు సంచిలో పెట్టుకుని ముందుగదిలోకి వచ్చాను.

"ఎక్కడికి?"

"అమ్మాయి దగ్గరికి."

"పుస్తకం?"

"చావు నుంచి జబ్బు దాకా కుట్టేశానండీ. పెళ్ళీ పుట్టుకా మిగిలాయి. అవి మీరు కుట్టుకోండి. సూది అక్కడే ఉంది."

ఆయన తన చేతుల వంక చూసుకున్నారు. తర్వాత నా వంక. "ఈ గుమ్మం దిగావంటే..." అని మొదలుపెట్టి, మిగతాది వెతుక్కుంటున్నారు. తిరిగి రానిస్తారో లేదో, ఈ కథకి చివరి ఫారం ఏమిటో నాకు తెలియదు. తెలియకుండా ఏదైనా మొదలుపెట్టడం నాకిదే మొదటిసారి.

ఆ రాణి గుమ్మం ముందు రాజు మనుషులు కాపలా ఉన్నారు. మా గుమ్మం ముందు నా చెప్పులున్నాయి, అంతే.