వేడిచేతులు

మా ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయికి నేను పెట్టిన పేరు వేడిచేతులు. ఎంజైము గొట్టాన్ని అడుగున పట్టుకుంటుంది. అంచు దగ్గర పట్టుకోవే తల్లీ, ఒంటి వేడికే అది పాడవుతుంది అని ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. శుక్రవారం సారు ఆమెను ఉంచాలో పంపాలో తేలుస్తారు, అదీ నా మాట మీదే.

పనేమీ బ్రహ్మవిద్య కాదు. ఎంజైము చుక్క వేసి, నిమిషానికి ఎంత పసుపు రంగు పుడుతుందో యంత్రంలో చూడటమే. సోమవారం గొట్టాలన్నీ కొత్త ఫ్రీజర్లోకి మార్చేముందు ఎనభై వచ్చింది. మంగళవారం అరవై. బుధవారం నలభై నాలుగు. మూడు రోజులూ కొలిచింది వేడిచేతులే మరి.

"అక్కా, నాకా ఫ్రీజర్ మీదే అనుమానం," అంది.

"ఆడలేక మద్దెల ఓడందిట! ఏరికోరి నేను తెప్పించాను దాన్ని. గీకుదామన్నా మంచు దొరకదు, తెలుసా?"

"అదే అక్కా. మంచు కట్టకుండా మధ్యమధ్యలో అదే వేడెక్కుతుందేమో."

నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు పాఠాలు చెప్పడం! ఫక్కున నవ్వాను.

గురువారం కొలవడానికి నేనే కూర్చున్నాను. ముప్పై ఒకటి. మళ్లీ చేస్తే ముప్పై. ఒళ్లు మండిపోయింది. ఆమె ముందురోజు ఫ్రీజర్లో పెట్టిన, ఎంత వేడెక్కిందో గుర్తుపెట్టుకునే థర్మామీటరు తెచ్చి చూపించింది. సున్నాకి ఇరవై డిగ్రీలు కిందే ఉండాల్సింది, సున్నా దాటి మూడు దాకా వెళ్లొచ్చింది. వరండాలో పాత ఫ్రీజర్ ఇంకా నడుస్తోంది. దాని మంచులో కూరుకుపోయి మిగిలిన గొట్టాన్ని తవ్వి తీసి కొలిచాను. ఎనభై.

శుక్రవారం సారు గుడ్లురిమారు. "మంచు కట్టని ఫ్రీజర్లో ఎంజైములు పెడతారా ఎవరైనా? ఎవరి నిర్వాకం?" కొనుగోలు కాగితం మీద సంతకం పెట్టిన మహానుభావుడు తానేనని గుర్తులేదు.

నేను నోరు తెరిచేలోపే వేడిచేతులు అందుకుంది. "అందరం కలిసే అనుకున్నాం సార్."

ఫ్రీజర్ ఆర్డరు పెట్టిన రోజుకి ఈ పిల్ల మా గడపే తొక్కలేదు. ఇంత జాలా నా మీద! సిగ్గుతో చచ్చిపోయాను.

"నువ్వు ఊరుకో," అని కసిరాను. "నేనే సార్. తను ముందే చెప్పింది, నేనే వెక్కిరించాను."

సారు ఆమెను ఉంచాలో పంపాలో రాయాల్సిన కాగితం చేతిలోకి తీసుకున్నారు. "మరి ఈమెను ఉంచమంటావా?"

"ఉంచండి సార్. మన ముగ్గురిలో ఫ్రీజర్ సంగతి తెలిసింది ఈమెకొక్కదానికే."