మూడు ఎర్ర పోగులు

సాయంత్రం రైలుకు ఇండోర్ పోవాలి. దీప్తి బ్యాగులో రెండు జతల బట్టలు, చార్జరు, నీళ్ల సీసా సర్దుతోంది. అమ్మమ్మ అనసూర్య పక్కనే కూర్చుని, చేతిలోని కాగితం పొట్లాన్ని మాత్రం వదలడం లేదు. అందులో మూడు ఎర్ర నూలు పోగులు; ఇండోర్‌లోని పరిశోధన కేంద్రంలో ఒక ప్రత్యేకమైన వెలుగు కింద దీప్తి వాటిని పరీక్షించబోతోంది. ఒకదానికి ఒక ముడి, ఇంకోదానికి రెండు, మూడోదానికి మూడు.

"ఏది ఎవరిదో చెప్పవా?"

"చెప్ప. చెప్తె నా మనసుకు నచ్చేటట్టు చెప్తవు నువ్వు."

"నా మీద గూడ అనుమానమేనా అమ్మమ్మా?"

"మీ తాత మీదనే ఉండె. నువ్వెంత?"

వరంగల్ కొత్తవాడలో తాత పండరి అద్దిన ఎరుపు ఇంకెవరి జంపఖానాకూ వచ్చేది కాదు. తలుపు మూసుకుని రంగు కాచేవాడు. అలాంటిది ఒక ఏడు ఎదురింటి పోశయ్య జంపఖానా అదే ఎరుపులో తేలింది. అనసూర్య రెండిళ్ల పోగులూ నోట తడిపి పొద్దుటి ఎండకు పట్టి చూసింది. రంగు పనివాళ్లకు అంతకు మించిన పరీక్ష లేదు. రెండూ ఒక్కటే.

"గుట్టు అమ్ముకున్నవు," అంది మొగుడితో. ఆయన కాదన్నాడు. ఆమె నమ్మలేదు. అమ్ముకున్నాడా, లేదా? ఇన్నేళ్లూ ఆమెను తొలిచింది ఆ ఒక్క మాటే.

"గా వెలుగుల పెడితే కాలిపోదా?" అని ఇప్పుడు మనవరాలిని అడిగింది.

"కాలదు. పెద్ద గుండ్రటి గొట్టంల ఎలక్ట్రాన్లు ఉరుకుతాంటయి. మలుపు తిరిగినప్పుడల్లా వెలుగు చిమ్ముతయి. దాన్ని సన్నగ చేసి పోగు మీద వేస్తే, లోపల ఏ లోహమున్నదో తెలుస్తది. కోసుడు లేదు, కాల్చుడు లేదు."

"తెలివిగల్ల దొంగ గూడ తలుపు పగలగొట్టడు. తాళం తీస్తడు."

దీప్తి నవ్వి పొట్లం లాక్కుంది.

ఐదో రోజు ఫోన్ చేసింది.

"అమ్మమ్మా, ఒక ముడిది, మూడు ముళ్లది ఒక్క చేతివే. రెండిట్ల పటిక ఉన్నది. రెండు ముళ్లదాంట్ల తగరం ఉన్నది. కంటికి ఒక్క తీరే, రంగు పట్టించిన మందు వేరు."

అనసూర్య గోడకు ఆనుకుంది. ఒకటీ మూడూ పండరివే. ఆ వెలుగు అబద్ధమాడుతుందేమో చూద్దామనే ఆయనవి రెండు పోగులు పంపింది. రెండు ముళ్లది పోశయ్యది.

"మరి తాత అమ్ముకున్నడా? ఏది ఎవరిదో నీకే ఎరుక."

"అమ్ముకోలె," అంది అనసూర్య. "పైలంగ రా బిడ్డా," అని ఫోన్ పెట్టేసింది.

గుట్టు అమ్ముకున్నవన్న ఆ మాట పడ్డ మూడో నాడు, 1994 ఫిబ్రవరిలో, పండరి భీవండి మరమగ్గాల పనికి పోయాడు. తిరిగి రాలేదు.