ఉతకని చొక్కా

ఆయమ్మ కుందేలు బోనులో పాత గడ్డి తీసి కొత్తది పరిచింది. పిల్లి బోను మీద దుప్పటి సగం దించింది. దాక్కునే చోటుంటే పిల్లి అరవదు. కుక్కల గదిలో గిన్నెలు పోగుచేసింది. అన్నీ ఖాళీ. ఒక్కదానిలో రాత్రి పెట్టిన అన్నం పెట్టినట్టే ఎండిపోయింది.

"ఏం అల్లుడుగారూ, ఇవాళ కూడా అలకేనా?"

ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు, ఆస్పత్రుల్లో చేరేవాళ్ళు తమ జంతువులను ఈ షెడ్డులో వదిలిపోతారు. అల్లుడు ముసలి కుక్క. తినడం, పడుకోవడం, అలగడం తప్ప వేరే పని లేదని యజమాని పెట్టిన పేరు. ఆయనకు గుండె ఆపరేషన్. కుక్కను తెచ్చి అప్పగించింది కూతురు. "ఇంట్లో అసలు అల్లుడికి ఈ పేరంటే మంట" అని ఆ రోజు నవ్వింది కూడా.

ఆయమ్మ దాని పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్ళలోకి చూడలేదు, తల మీద చెయ్యి వెయ్యలేదు. చెయ్యి నేల మీద పెట్టి ఊరుకుంది. కాసేపటికి కుక్క వచ్చి చేతిని వాసన చూసి మొహం తిప్పుకుంది. పెదవి ఎత్తి తాకితే చిగుళ్ళు వేలికి జిగురుగా తగిలాయి. మెడ మీద చర్మం పట్టి వదిలితే వెంటనే దిగలేదు; ఒంట్లో నీరు తగ్గిపోతోంది.

డాక్టరు పొద్దున్నే చూసి వెళ్ళాడు. సాయంత్రం దాకా ఏమీ ముట్టకపోతే సెలైన్ పెడదామన్నాడు. ఈ వయసులో అది కూడా ఎంతవరకు నిలబెడుతుందో చెప్పలేనన్నాడు.

కుక్క కింద యజమాని చొక్కా ఒకటి ఉంది. వదిలేవాళ్ళందరికీ ఆయమ్మ చెప్పే మాట ఒకటే: మీరు వేసుకుని విడిచిన బట్ట ఒకటి తెండి, ఉతకొద్దు. కూతురు ఆ చొక్కాను ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చింది.

"మాసింది మీ చేతిలో పెడితే ఏం బాగుంటుంది, ఆయమ్మా."

ఆయమ్మ చొక్కా అందుకుంది. భర్త పోయిన మర్నాడు ఆవిడ కూడా ఆయన బట్టలన్నీ నానబెట్టింది. దిండు గలీబు, తువ్వాలు, మేకుకు వేలాడే స్వెట్టరు, ఏదీ వదల్లేదు. ఇంట్లో మాసినది కనిపిస్తే ఆవిడకు చెయ్యి ఊరుకోదు. ఆరినవి మడతపెడుతూ ఒకదానిలో మొహం పెట్టుకుంది. సబ్బు వాసన వచ్చింది. ఆ తరువాత కొన్నాళ్ళకు ఈ పనికి కుదిరింది.

కూతురికి ఫోన్ చేసింది. "నాన్నగారు విడిచిన గుడ్డ ఏదైనా పంపమ్మా. మాసిందే కావాలి."

"ఐసీయూలో ఉన్నారు ఆయమ్మా. చూస్తాను." ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం ఒక కుక్కపిల్లకు స్నానం. చెవుల్లో దూది పెట్టి, గోరువెచ్చని నీళ్ళు పోసి, వేళ్ళ సందుల్లో తడి తుడిచింది.

"మావాడికి చాక్లెట్ అంటే ప్రాణం" అన్నాడు దాన్ని తెచ్చినాయన, మురిసిపోతూ.

"ప్రాణం మీదికే వస్తుంది బాబూ. పెట్టకండి."

ఎండ వాలాక కూతురు వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచి.

"నాన్న పోయారు, ఆయమ్మా." గుమ్మంలోనే నిలబడింది. "ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు వేసుకున్న చొక్కా ఇది, ఇవాళే చేతికిచ్చారు. అలవాటుగా మిషన్‌లో పడేశాను. నీళ్ళు తిప్పబోతుంటే మీ మాట గుర్తొచ్చింది."

సంచి విప్పగానే కుక్క లేచింది. చొక్కా చంకలో ముక్కు దూర్చి కదల్లేదు. ఆయమ్మ అన్నం పలచగా కలిపి, అరచేతిలో పెట్టి, చొక్కా మీద చెయ్యి ఉంచింది. కుక్క చాలాసేపటికి నాలుక చాపింది. ఒకసారి నాకింది. మళ్ళీ నాకింది. చెయ్యి ఖాళీ అయింది.

"ఇంటికి తీసుకెళ్తాను. అసలు అల్లుడే తెమ్మన్నాడు" అంది కూతురు. చొక్కా ఒక చెయ్యి ఆమె పట్టుకునే ఉంది. కుక్క రెండోదాని మీద గడ్డం ఆనించింది. "కానీ ఇది నాక్కూడా కావాలి."

ఆయమ్మ బొచ్చు కత్తిరించే కత్తెర తెచ్చింది. గుండీలు విప్పి, వీపు మధ్యగా కాలరుతో సహా రెండుగా కోసింది. ఒక సగం కుక్క కింద వదిలింది. రెండోది మడిచి సంచిలో పెట్టి మూతి బిగించి కట్టింది.

"అస్తమానం విప్పకు తల్లీ. గాలి తగిలితే పోతుంది."

కుక్క తన సగాన్ని నోట కరుచుకుని ఆమె వెంట నడిచింది.

ఆయమ్మ గది కడగడానికి బకెట్టు తెచ్చింది. మగ్గు ఎత్తి ఆగిపోయింది. తూము జాలీ అంచున, ఇందాక కోసిన చొక్కా నుంచి ఊడిన తెల్ల గుండీ ఒకటి, కన్నాల్లో దారంతో సహా.