సగం పడవ

నేను ఒక జపాను కాగితాన్ని. సరిగ్గా చెప్పాలంటే, ఒక బొమ్మలో కుడి సగాన్ని. నా మీద ఎప్పుడూ వాన కురుస్తూ ఉంటుంది. ఏటి ఒడ్డున గొడుగు పట్టుకుని ఒకామె చెయ్యెత్తి నిలబడి ఉంటుంది. ఆమె ముందు సగం పడవ. మిగతా సగమూ, పడవలోని మనుషులూ నా జోడీ కాగితం మీద ఉండేవాళ్లు.

మమ్మల్ని పుట్టించడానికి ముగ్గురు కష్టపడ్డారు. ఒకాయన గీశాడు. ఒకాయన చెర్రీ చెక్క మీద ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు చెక్కాడు. ఒకాయన అచ్చుకి రంగు పూసి, మమ్మల్ని దానిమీద పరిచి వీపు రుద్దాడు. పుట్టినరోజునే అంత నలుగు ఎవరికీ పెట్టి ఉండరు. అడుగున పేరు మాత్రం గీసినాయనదే.

చాలా ఏళ్లు ఇద్దరం ఒకే పెట్టెలో పక్కపక్కన పడుకున్నాం. యజమాని పోయాక ఆయన కొడుకులు ఆస్తి పంచుకున్నారు. గొడవ పడలేదు. ఎంతో న్యాయంగా తలొక కాగితం తీసుకున్నారు. అప్పటినుంచీ న్యాయం అన్న మాట వింటే నాకు దడ.

నన్ను తీసుకున్నవాడు ఒక అట్లాసులో దాచి మరిచిపోయాడు. ఆ అట్లాసు ఎన్ని చేతులు మారిందో గానీ, చివరికి మద్రాసు మూర్ మార్కెట్‌లో ఉమామహేశ్వరం గారికి దొరికింది. ఆయన పెడన హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. ఇల్లు చేరి తెరిస్తే పసిఫిక్ సముద్రం మధ్యలో నేను.

పెడనలో వీధికి నలుగురు చెక్క అచ్చులతో బట్టల మీద అద్దకం వేస్తారు. అంటే నేను చుట్టాలింటికే వచ్చానన్నమాట. మాస్టారు వెంటనే జపాను చిత్రాల అధ్యయన సంఘం పెట్టారు. సభ్యులు ముగ్గురు: ఆయన, అచ్చులు చెక్కే నాంచారయ్య, లైబ్రరీ తాళాలు ఉంచుకునే మాణిక్యాంబ. చిత్రాన్ని నేను, ఒక్కదాన్నే. ప్రతి ఆదివారం లైబ్రరీలో సమావేశం.

"ఆ ఎత్తిన చెయ్యి జీవితపు క్షణికతకి సంకేతం," అనేవారు మాస్టారు.

"ఏడచ్చులండీ మాస్టారూ. నీలం అచ్చు జానెడు దూరంలో నూలుపోగంత జరిగింది. ఆ పూట అద్దినాయనకి ఇంట్లో గొడవై ఉంటది," అనేవాడు నాంచారయ్య.

మాణిక్యాంబకి మాత్రం ఒకటే బెంగ. "అది పడవ ముందు కొసా, వెనక కొసా? వాళ్లు వస్తున్నారా, వెళ్లిపోతున్నారా?" ప్రతివారం అడిగేది. మాస్టారు మూడు పుస్తకాలు తిరగేసినా చెప్పలేకపోయారు.

ఒకరోజు నాంచారయ్య, "రంగు నిలుస్తదో లేదో చూద్దాం," అని బొటనవేలు నాలికమీద తడిపి నా మబ్బు మీద రుద్దాడు. బట్టకి ఆ పరీక్ష మంచిదే కావచ్చు. నా మబ్బు చెదిరిపోయింది. మాస్టారు పధ్నాలుగు రోజులు అతనితో మాట్లాడలేదు. ఏడాది తిరిగేసరికి ఆయనే మరిచిపోయి, వచ్చినవాళ్లకి "ఈ పొగమంచు చూడండి, ఎంత సున్నితమో!" అని చూపించేవారు. నాంచారయ్య వినయంగా తల దించుకునేవాడు.

ఇలా ఉండగా మాస్టారు రిటైరయ్యారు. ఇక తమ్ముడి దగ్గరే ఉంటానని విజయనగరం ప్రయాణం కట్టారు. నన్ను చుట్టడానికి రేకు గొట్టం కూడా తెచ్చుకున్నారు. ఆ గొట్టాన్ని చూసినప్పటినుంచీ నేనూ మాణిక్యాంబా ఒకేలా ఉన్నాం. ఆవిడ పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ కూచునేది.

చివరి ఆదివారం నాంచారయ్య ఒక పొట్లం తెచ్చాడు. "రెండు నెలలు పట్టిందండీ. మీ బొమ్మకి మిగతా సగం."

టేకు మీద చెక్కి, ఏడు రంగులూ అద్ది తెచ్చాడు. దాన్ని నా పక్కన పెట్టారు.

అద్దకం పనిలో సగం డిజైను ఉంటే చాలు, మిగతా సగం దాన్నే తిరగేసి వేస్తారు. నాంచారయ్య చెయ్యి అలవాటు కొద్దీ అదే చేసింది. అవతలి ఒడ్డునా వాన, గొడుగు, చెయ్యెత్తిన ఆడమనిషి. ఆ మబ్బు మీద నా మచ్చ కూడా ఉంది, శ్రద్ధగా చెక్కి మరీ. మధ్యలో రెండు కొసలూ ఒకేలా ఉన్న పడవ. మనుషులు లేరు.

"ఏం పనయ్యా ఇది? ఈ పడవ ఎటు పోతుంది?" అన్నారు మాస్టారు.

నాంచారయ్య అప్పుడు చూసుకుని నాలిక కరుచుకున్నాడు.

"ఎటూ పోదు," అంది మాణిక్యాంబ మెల్లగా. "ఇన్నాళ్లకి నాకు నిద్ర పడుతుంది."

మాస్టారు ముందు మీసంలో నవ్వారు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వారు. కళ్లు తుడుచుకుని, "కదలని పడవని నేను విజయనగరం ఎలా తీసుకుపోనమ్మా? గోడకి తగిలించండి," అన్నారు. ఆ రేకు గొట్టంలో ఆయన గొడుగు పెట్టుకుని వెళ్లారు.

ఇప్పుడు మేమిద్దరం లైబ్రరీ గోడమీద ఒకే ఫ్రేములో ఉన్నాం. మాస్టారు కార్డు రాస్తే మాణిక్యాంబ మాకు ఎదురుగా నిలబడి పైకి చదువుతుంది. "పొగమంచు ఎలా ఉంది?" అని ప్రతి కార్డులోనూ ఉంటుంది.

నిజం మీకొక్కరికే చెబుతాను. నా అసలు జోడీ మీద ఉన్నది మీరనుకునే ప్రియుడూ కాదు, మాస్టారి క్షణికతా కాదు. ముల్లంగి బుట్టలు, ఇద్దరు ముసలివాళ్లు, చెవులకి గుడ్డ చుట్టుకున్న ఒక పడవవాడు. నా మీది ఆడమనిషి అతన్నే పిలుస్తోంది, ఆగవయ్యా, నేనూ వస్తానని. పాపం, పడవ తప్పిపోయిందామెకి.

ఇన్నేళ్లూ ఒక్కతే నిలబడింది. ఇప్పుడు అవతలి ఒడ్డున ఇంకొకామెకి కూడా తప్పిపోయింది.