నడుం నొప్పికి రెండు కెమెరాలు

ఆదివారం ఉదయం ఏడుంబావుకు, నడుం విరిగి ఏడు నెలలుగా మంచం దిగలేదని బీమా కంపెనీకి రాసిచ్చిన స్టోరుకీపరు, అత్తగారిని కుర్చీతో సహా ఎత్తి, ఇంటి ముందు మెట్లు మూడూ దిగి వీధిలో దించాడు. దించే ముందు కెమెరా వైపు చూసి నవ్వాడు.

కెమెరా పట్టుకున్న మనిషి ఆ నవ్వు కోసం రాలేదు. ఎత్తడం కోసం వచ్చాడు. అతను ఆ బీమా కంపెనీ తరఫున ఆరా తీసేవాడు. చెయ్యి విరిగిందన్న వాళ్ళ చెయ్యి నిజంగా విరిగిందా, కాలు పడిపోయిందన్న వాళ్ళ కాలు నిజంగా పడిపోయిందా అని చూసి, ఫొటో తీసి, కంపెనీకి ఇవ్వడం అతని పని. బావమరిది సరదాకి అతన్ని వేగు అనడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఇంట్లో అందరికీ అదే పేరు.

వేగు కంపెనీలో ఉద్యోగి కాదు. ఏడాదికోసారి ఒప్పందం తిరగరాస్తే పని ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఈ ఏడు అప్పటికే రెండు ఫైళ్ళు నోటిదాకా వచ్చి జారిపోయాయి. రెండింటికీ జేబులో పట్టే చిన్న కెమెరా తీసుకెళ్ళాడు. దానితో ఎంత దగ్గరికైనా వెళ్ళొచ్చు, ఎవరూ పట్టించుకోరు. చిక్కల్లా ఫొటోతోనే. చెయ్యి విరిగిందన్న మనిషి షటిల్ ఆడుతుంటే తీశాడు. ఫొటోలో రాకెట్టు ఉంది, నెట్టు ఉంది, మొహం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ ఉంది. కాలు పడిపోయిందన్న ఆమె బస్సు వెనక పరుగెత్తుతుంటే తీశాడు. ఫొటోలో బస్సు పడింది, ఆమె పడలేదు.

ఫోనుతో తీస్తే సరిపోయేది కదా అని అతనికీ అనిపించింది. ఫోనుతో తీసినవి కంపెనీ తీసుకోదు. ఫోనులో ఫొటో మార్చడం బడిపిల్లలకూ వచ్చునని కంపెనీ వకీలు వాదన. కెమెరాలోంచి కార్డు తీసి, కవరులో పెట్టి, సీలు వేసి ఇవ్వాలి.

స్టోరుకీపరు ఫైలు చేతికిస్తూ క్లెయిముల మేనేజరు మాట నాన్చలేదు. ఆవిడ అన్నది ఒకటే. "ఈసారి మొహం తెలియాలి, చేసే పని తెలియాలి. లేదంటే వచ్చే ఏడు మీతో మాకు పని లేదు."

స్టోరుకీపరు కథ ఫైలులో ఇలా ఉంది. గోదాంలో పై అరలోని పెట్టె దించుతూ నిచ్చెన మీంచి పడ్డాడు. నడుంలో ఫలానా కీలు దగ్గర దెబ్బ తగిలిందని డాక్టరు రాశాడు. అప్పట్నుంచి మంచమే.

వేగు ఆ సాయంత్రమే బావమరిది దుకాణానికి వెళ్ళాడు. బావమరిది కెమెరాలు అమ్ముతాడు. వేగు భార్య కూడా వెంట వెళ్ళింది. తమ్ముడి వ్యాపారం సంగతి ఆమెకు తెలుసు, మొగుడి మెతకదనమూ తెలుసు.

బావమరిది బల్ల మీద రెండు కెమెరాలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి డీఎస్ఎల్ఆర్. దాని లెన్సు మోచెయ్యంత ఉంది. రెండోది చిన్నదే, పాతదాని కన్నా కొంచెం మెరుగు. పెళ్ళిళ్ళు తీసేవాళ్ళు ఏది కొంటారో, పత్రికలవాళ్ళు ఏది కొంటారో చెప్పుకొచ్చాడు. వీధి ఈ చివర నుంచుని ఆ చివర ఉన్న మనిషి మీసాలు లెక్కపెట్టొచ్చన్నాడు. బావ గౌరవం కూడా పెరుగుతుందన్నాడు.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకురా?" అంది అక్క. "మీ బావది దాక్కునే పని. ఇది మెళ్ళో వేసుకుని ఎక్కడ దాక్కుంటాడు?"

"బావ పొట్ట కన్నా ఇదే చిన్నదక్కా. దాన్ని దాచగలిగినవాడు దీన్ని దాచలేడా?"

వేగు చిన్నదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బస్సు గుర్తొచ్చింది. కింద పెట్టేశాడు. పెద్దది కొన్నాడు. పాతది మాత్రం పారెయ్యొద్దని భార్య దారిలో అంది.

స్టోరుకీపరు ఇంటికి ఎదురుగా ఒక టైలరు దుకాణం ఉంది. శుక్రవారం వేగు అక్కడ నీడలో నుంచుని, పాత కిటికీల ఫొటోలు తీస్తున్నానని టైలరుతో చెప్పాడు. టైలరు వీధిలోని కిటికీలను ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకసారి చూశాడు. తర్వాత కెమెరాను చూశాడు. కిటికీల గురించి ఇంకేమీ అడగలేదు. తను కత్తెర పట్టుకుని నుంచుంటాను, ఒకటి తియ్యమన్నాడు.

కాదంటే అనుమానం వస్తుంది. వేగు తీశాడు. అంతే, చీమలకు బెల్లం సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇస్త్రీ చేసే ఆమె పెట్టె పట్టుకుని వచ్చింది. రిటైరైన గుమస్తా కోటు వేసుకుని వచ్చాడు. కవల పిల్లల తల్లి ఇద్దరికీ తల దువ్వి తెచ్చింది, విడివిడిగా ఒకటి, కలిపి ఒకటి కావాలంది. పొరుగు వీధి నుంచి ఒకాయన పాస్‌పోర్టు ఫొటోకి వచ్చాడు. శనివారానికి టైలరు అందరికీ వరస ఏర్పాటు చేశాడు. ఆరా తియ్యడానికి వచ్చిన మనిషిని చూడని వాడు ఆ వీధిలో ఒక్కడే మిగిలాడు. అతను కిటికీ తెర వెనక మంచం మీద ఉన్నాడు.

శనివారం సాయంత్రం ఆ తెర పక్కకు జరిగింది. స్టోరుకీపరు భార్య తల బయట పెట్టి, మా ఇంటిల్లిపాదినీ ఒకటి తీస్తారా అని అడిగింది. రేపు పొద్దున వెలుతురు బాగుంటుంది, అందరూ బయటికి రండన్నాడు వేగు.

పొద్దున అందరూ వచ్చారు, అత్తగారు తప్ప. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, మెట్లు దిగలేదు. కూతురు ఉండనిమ్మంది. అత్తగారు లోపలి నుంచే జవాబిచ్చింది. "ఇల్లు నాది. ఇంటి ఫొటోలో నేను లేకుండా ఎవరుంటారో చూస్తాను."

పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్న అల్లుడికి ఆ మాట సరిపోయింది. అందరూ బయటే ఉన్నారు, వీధంతా చూస్తోంది, కెమెరా సిద్ధంగా ఉంది. మంచం సంగతి ఆయనకు గుర్తు రాలేదో, గుర్తొచ్చినా ఈ ముచ్చట ముందు అదెంత అనుకున్నాడో తెలియదు. లోపలికి వెళ్ళి, వెనక నుంచి కుర్చీ చేతులు పట్టుకుని, ఆవిణ్ని ఎత్తుకొచ్చాడు.

వేగు వరసగా మూడు తీశాడు. వెంటనే కెమెరా వెనక తెరలో చూసుకున్నాడు. మూడింటిలోనూ అత్తగారి చెయ్యి పైకి లేచి అల్లుడి మొహానికి అడ్డం వచ్చింది. అప్పుడతను ఆరా తీసేవాడెవడూ అడగకూడని మాట అడిగాడు. ఇంకొక్కసారి ఎత్తుతారా అన్నాడు.

"పదిసార్లు ఎత్తుతాను సార్. ఆవిణ్ని మొయ్యడం నాకు కొత్తా?" అన్నాడు స్టోరుకీపరు.

"ఎవరు ఎవర్ని మోస్తున్నారో ఇంటి పన్ను కట్టేవాళ్ళని అడుగు" అంది అత్తగారు. వీధి నవ్వింది.

మళ్ళీ పైకి తీసుకెళ్ళాడు, మళ్ళీ దించాడు. రెండో మెట్టు మీద ఒక క్షణం ఆగాడు. పడేస్తావా ఏమిటని అత్తగారు అడిగింది. ఏం లేదని చెప్పి మూడో మెట్టు దిగి, నవ్వి, దించాడు. ఈసారి అత్తగారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ఫొటోలో అల్లుడి చొక్కా పై గుండీలు రెండూ కనబడ్డాయి, ఒకటి వేరే రంగుదని కూడా తెలిసింది.

సోమవారం మేనేజరు ఆ ఫొటోని కంప్యూటరులో పెద్దది చేసి చూసింది. కుర్చీ మీద చీలిక చూసింది. మొహం చూసింది. వేగు ఒప్పందం తిరగరాసినట్టే అనుకున్నాడు.

"బాగుంది. తంటా అదే" అంది చివరికి. "చాటు నుంచి తీసిన ఫొటోలో మనిషి కెమెరాని చూసి నవ్వుతాడా? మీరు ఎత్తమన్నారా?"

"మొదటిసారి కాదు మేడమ్."

"మరి ఈ ఫొటో ఎన్నోసారిది?"

వేగు గోడ వైపు చూశాడు. ఆవిడకు కోపం రాలేదు, అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. దీన్ని కోర్టులో చూపిస్తే ఫొటోగ్రాఫరుకి డబ్బిచ్చి తీయించారంటారని వివరంగా చెప్పింది. పోయినసారి మనిషి కనబడలేదు, ఈసారి మరీ కనబడుతున్నాడంది. శుక్రవారం దాకా గడువిచ్చింది. చిన్న కెమెరా తీసుకెళ్ళమంది. ఎవరి కంటా పడకుండా, అతను నీళ్ళ బకెట్టు ఎత్తుతున్నా సరే, ఒక్కటి తెమ్మంది. తేలేకపోతే మళ్ళీ రానక్కర్లేదంది.

బుధవారం వేగు పాత కెమెరా చొక్కా జేబులో వేసుకుని వెళ్ళాడు. సంచీలో వీధివాళ్ళ ఫొటోలు ఉన్నాయి. అవి ఇవ్వకుండా ఆ వీధిలో కాలు పెట్టే దారి లేదు. టైలరు తన ఫొటో చూసుకుని, పెద్ద కెమెరా ఏదని అడిగాడు. తేలేదన్నాడు. జేబులోది తీసి చూపించాడు. టైలరు దాన్ని చూసి జాలిపడ్డాడు. ఆ తర్వాత వేగు దాన్ని చేత్తో పట్టుకుని వీధంతా తిరిగినా ఒక్కరూ తల తిప్పలేదు. అతనికి కావలసింది అదే. చూడ్డానికి మాత్రం ఏమీ లేదు.

స్టోరుకీపరు సంగతి టైలరే చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నం నుంచి లేవడం లేదట. కంపెనీ వాళ్ళెవరో వస్తున్నారు కాబోలు, అందుకని పడుకున్నాడనుకున్నాం, తీరా చూస్తే నిజంగానేనట.

వేగు వాళ్ళ ఫొటో పట్టుకుని లోపలికి వెళ్ళాడు. స్టోరుకీపరు నేల మీద చెక్క వేసుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తల తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పాడు. భార్య వేగుకి కుర్చీ వేసింది. అది ఆ కుర్చీయే.

"మొదట రెండు రోజులు నేనూ నమ్మలేదు సార్" అంది ఆమె. "ఇంట్లో మనమే ఉన్నాం, లేవండి, నా దగ్గర కూడానా అన్నాను. నిన్న నీళ్ళగదికి నలుగురు మోసుకెళ్ళారు. అప్పుడు నమ్మాను."

"ఏడు నెలలు ఊరికే మూలిగాను. డాక్టరు నమ్మాడు" అన్నాడు స్టోరుకీపరు పైకప్పుతో. "ఇప్పుడు మూలుగుతుంటే ఇంట్లోవాళ్ళు నవ్వారు."

అత్తగారు అతని తల పక్కన పీట మీద కూర్చుని ఉంది. మందు బిళ్ళ నోట్లో వేసి, మెడ కింద చెయ్యి పెట్టి కొంచెం ఎత్తి, నీళ్ళు పట్టింది. మింగు అంది. అతను మింగాడు. వేగు ఒళ్ళో ఉన్న కెమెరా నొక్కాడు. ముగ్గురిలో ఎవరూ దాన్ని చూడలేదు.

ఆ సాయంత్రం భోజనం దగ్గర అతను భార్యకు జరిగింది చెప్పాడు. ఆ కార్డు ఇవ్వకపోతే ఏమవుతుందని ఆమె అడిగింది. ఏమీ కాదన్నాడు. తేలేకపోవడం వేరు, ఇంటికి తాళం ఉందని రాస్తే ఇంకో వారం గడువిస్తారు, ఈలోపు అతను లేస్తే లేస్తాడు. ఇస్తే ఫైలు పోతుంది, తన పనీ పోతుంది.

"రెండోసారి ఎత్తమన్నది మీరేనా?" అంది ఆమె.

"నేనే."

ఆమె కంచం తీసింది. శుక్రవారం వేగు కార్డు కవరులో పెట్టి, సీలు వేసి, మేనేజరు బల్ల మీద పెట్టాడు.

ఫొటో ఒక పక్కకు ఒరిగి ఉంది. సగం అత్తగారి మోచెయ్యే. మిగతా సగంలో స్టోరుకీపరు నోరు తెరిచి ఉన్నాడు, కళ్ళు మూసి ఉన్నాయి. మేనేజరు దాన్ని పెద్దది చెయ్యలేదు.

"ఫొటో అంటే ఇదీ. దీన్ని వకీలు నమ్ముతాడు" అంది. ఆవిడ మొహంలో సంతోషం లేదు.

తర్వాతి వారం కంపెనీ డాక్టరు వెళ్ళి చూశాడు. స్కాను తీయించాడు. ఏడు నెలల కిందట మొదటి డాక్టరు రాసిన కీలు దగ్గరే ఎముకల మధ్య ఉండే డిస్కు పక్కకు జారి ఉంది. ఎప్పుడు జారిందో స్కాను చెప్పదని, మొదటి సర్టిఫికెట్టుతో తేడా మాత్రం ఏమీ లేదని రాశాడు. నెలాఖరుకి క్లెయిము మంజూరైంది. అదే రోజు వేగుకి ఫోను చేసి ఒప్పందం తిరగరాయడం లేదని చెప్పారు. మూడు ఫైళ్ళలో ఒక్కదానికీ కంపెనీకి ఉపయోగపడే ఫొటో ఇవ్వలేదన్నది కారణం.

మర్నాడు స్టోరుకీపరు ఇంటి నుంచి ఇంకో ఫోను వచ్చింది. అత్తగారు. ఆదివారం ఫొటో బాగుందని, ముందుగదిలో గోడకి పెట్టడానికి పెద్దది కావాలని అంది. అల్లుణ్ని తీసేసి తను, కుర్చీ మాత్రం ఉండాలంది.

మొహం వరకు కత్తిరించొచ్చు గాని, కుర్చీని పట్టుకున్న చేతులు పోవని వేగు చెప్పాడు.

"చేతులుంటే ఉండనీ" అంది.

ఆదివారం ఉదయం అతను ఫొటో తీసుకెళ్ళి ఇచ్చాడు.