ఏటి అనకమ్మా!

మా అమ్మ నోరు తెరిస్తే మొదట వచ్చే మాట 'ఏటి'. పిలిస్తే ఏటి, చెబితే ఏటి, కోడి కూసినా ఏటి. మావాళ్ళు కూలికి ఓడెక్కి వచ్చిన దేశంలో, బాగన్ దాతుక్ దగ్గర ఆ కొబ్బరి తోటలో అందరూ తమిళులే, తెలుగు ఇళ్ళు పట్టుమని పది లేవు. పైగా తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకు తిండి అందకూడదని దొరలు మమ్మల్నందరినీ ఒక ముళ్ళకంచె లోపల పెట్టి, గేటు దగ్గర అన్నం డబ్బాలు కూడా సోదా చేయించేవారు. అంత ఇరుకులో అమ్మ కేక మా కూలి ఇళ్ళ లైనులో చివరి ఇంటిదాకా వినిపించేది.

"ఏటి అనకమ్మా, అందరూ నవ్వుతున్నారు" అని బతిమాలితే, "సర్లే, అన్ను. ఇంకేటి?" అనేది. ఏం చెయ్యను ఈవిణ్ణి!

నా పేరు ఇంకో తలనొప్పి. కూర్మమ్మ. శ్రీకూర్మం దేవుడి పేరని అమ్మకు గొప్ప. బడిలో ఆడపిల్లలకు మాత్రం నేను కుర్మాని. "కుర్మా, ఇవాళ కోడా, మేకా?" అని ఏడిపించేవారు. మా ఇంట్లో గంజీ ఎండుచేపా తప్ప కుర్మా వండిన పాపాన పోలేదు.

వాళ్ళలో కలిసిపోవాలని పట్టుబట్టి తమిళం నేర్చుకున్నాను. పదకొండేళ్ళకే వాళ్ళకంటే శుభ్రంగా మాట్లాడేదాన్ని. ఆ ఏడే మెర్డెకా, దేశానికి స్వాతంత్ర్యం. ఆ రోజు మైదానంలో జెండా కింద పాడటానికి శివగామి టీచరు ఎనిమిది మందిని ఏరింది. ఎనిమిదోదాన్ని నేను. నన్ను కుర్మా అన్నవాళ్ళే పక్కన చోటిచ్చి కూర్చోబెట్టుకున్నారు. ఆ చోటు పోతే నేను బతకలేననిపించింది.

తెల్ల జాకెట్టు ఉండాలంది టీచరు. అమ్మ పిండి సంచి విప్పి, ఉడకబెట్టి, కుట్టడం మొదలుపెట్టింది. అంతటితో ఊరుకుంటేనా! మెడ ఎలా కుట్టాలో కనుక్కుంటానని, ఒంటినిండా కొబ్బరి ఆరబెట్టే పొగ వాసనతో పనిలోంచి నేరుగా బడికి వచ్చేసింది. టీచరు తమిళంలో గబగబా ఏదో చెప్పింది. అమ్మకు అందలేదు.

"ఏటి?" అంది.

తమిళ చెవికి అది 'ఏడీ' అని వినపడుతుంది. అంటే 'ఒసే' అని. పిల్లలందరి ముందూ పంతులమ్మను పట్టుకుని ఒసే అన్నట్టయింది. టీచరు ముఖం ఎర్రబడింది. ఎవర్ని ఒసే అంటున్నావని తమిళంలో అరిచింది. అమ్మ బిక్కచచ్చిపోయి నా వైపు చూసి, మళ్ళీ "ఏటి?" అంది.

మా భాషలో దానికి 'ఏమిటి' అని అర్థం. ఆ ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ 'మా భాష' అన్నానంటే నా చోటు పోతుందని భయం.

"మన్నించండి టీచర్, మా అమ్మకు మర్యాద తెలియదు" అన్నాను అచ్చమైన తమిళంలో.

ఆ మాత్రం తమిళం అమ్మకు అర్థమవుతుంది.

ఇంటికొచ్చాక కూడా నేను ఊరుకోలేదు. "నువ్వు పాట దగ్గరకు రాకు" అన్నాను.

"నానొస్తే ఏటవుద్ది?"

"ఇదిగో, ఇదే అవుద్ది!" అని కసిరాను. అమ్మ తల వంచుకుని జాకెట్టుకు గుండీలు కుట్టింది.

మెర్డెకా రోజు మైదానం నిండా జనం, మైకు గోల. పాటకు ముందు టీచరు దూరం నుంచి నాతో ఏదో చెప్పింది. వినపడలేదు.

"ఏటి?" అన్నాను.

నా నోరే! అన్నేళ్ళు కాపలా కాసుకున్న నోరు. పిల్లలు కిసుక్కుమన్నారు. టీచరు దగ్గరకొచ్చి, "అంటే ఏమిటి?" అంది.

"తమిళంలో 'ఎన్న' అన్నట్టే, టీచర్. తెలుగులో."

"ఆ రోజు మీ అమ్మ అడిగింది కూడా అదేనా?"

తల ఊపాను.

"మరి ఆ రోజే చెప్పలేదేం?"

అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది. నా చోటు ఎక్కడికీ పోలేదు. వరసలో నిలబడి పాడాను. ఎదురుగా ఏడుగురి తల్లులున్నారు. మా అమ్మ లేదు. రావద్దన్నదాన్ని నేనే.

పాట అవగానే ఇంటికి పరుగెత్తాను. అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే నవ్వి, "ఏ..." అని ఆగిపోయింది. తర్వాత ఒక్కో మాటా కూడబలుక్కుని, తమిళంలో, "నల్లా... పాడినియా?" అంది. బాగా పాడావా అని. నాతో అమ్మ తమిళం మాట్లాడటం అదే మొదలు.

నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది.

"ఇదేటమ్మా! మన మాటలో అడగలేవేటి?" అని అరిచాను.

అమ్మ బిత్తరపోయి చూసింది. ఈసారి తనేం తప్పు చేసిందో పాపం ఆవిడకు తెలియలేదు.